బొమ్మ గుండె

కొలతల కేంద్రం,
అడవి అంచు

అత్తా,

నువ్వు ఫోను చేసి చేసి విసిగిపోయి, నేను పోయాననో, నీ మీద అలిగాననో ఈపాటికి ఖాయం చేసుకుని ఉంటావు. రెండూ కాదు. ఇక్కడ ఫోను నిషేధం. గేటు దగ్గరే లాక్కుని డబ్బాలో పెట్టి తాళం వేస్తారు. కార్లు కూడా అక్కడే ఆగాలి. పోస్టాయన తన సైకిలు గేటుకు ఆనించి, మా వంశాలన్నిటినీ తిట్టుకుంటూ పొలం మీదుగా నడిచి వస్తాడు. కాబట్టి ఇకనుంచి మన పోట్లాటలన్నీ ఉత్తరాల్లోనే.

ఎందుకింత గోల అంటావని తెలుసు. మేం కొలిచేది అంత చిన్నది మరి. గుండె కొట్టుకున్నప్పుడల్లా అందులో రవ్వంత కరెంటు పారుతుంది. కరెంటు పారితే దాని చుట్టూ రవ్వంత అయస్కాంతం పుడుతుంది. మా దగ్గర అగ్గిపెట్టె కంటే చిన్న గాజు డబ్బాలున్నాయి. వాటిలో లోహపు ఆవిరి ఉంటుంది. లేజరు వెలుగు పంపి ఆ పరమాణువులన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పి నిలబెడతాం, బళ్ళో పిల్లల్ని వరసలో నిలబెట్టినట్టు. ఏ మూల అయస్కాంతం కాస్త కదిలినా అవి మెడ తిప్పి చూస్తాయి. ఎంత తిప్పాయో ఆ వెలుగే మాకు చెబుతుంది. చీమ చిటుక్కుమన్నా వినే చెవులన్నమాట.

మాకు కావలసింది పెద్దవాళ్ళ గుండె కాదు. తల్లి కడుపులో ఉన్న బిడ్డ గుండె. దాని అయస్కాంతం భూమి అయస్కాంతంలో కోటో వంతు కూడా ఉండదు. తల్లిని ముట్టుకోకుండా, ఆ చిన్న గుండె లయ తప్పుతోందో లేదో చెప్పగలగాలి. మొహం అదోలా పెట్టకు. పిల్లల్లేరు కాబట్టి ఈ పని పట్టుకున్నానని నువ్వు అనుకుంటావని తెలుసు. డాక్టర్లు కుదరదని చెప్పి ఏళ్ళయింది, ఆ ఊసు ఎత్తకూడదని మన ఒప్పందం. ఇది ఉద్యోగం, అంతే.

అయితే గర్భిణులను తీసుకురావడానికి ముందు, యంత్రం మామూలు మనిషి మీద చడీచప్పుడు లేకుండా పనిచేస్తోందని కమిటీకి చూపించాలి. చలికాలం రాగానే వస్తారు. చూపించలేకపోతే కేంద్రం మూసేస్తారు. నా ఇన్నేళ్ళ పని అటకెక్కుతుంది. ఆ మామూలు మనిషిని నేనే. ఎందుకంటే ఒంట్లో ఇనుప ముక్క లేనిదాన్ని ఇక్కడ నేనొక్కదాన్నే. మా పెద్దాయనకు మోకాల్లో స్టీలు కడ్డీ ఉంది. వైర్ల పని చూసే ఆవిడ, పెళ్ళీడు పిల్లలున్న మనిషి, ఇప్పుడు పళ్ళు సరిచేయించుకుంటానని నోటినిండా తీగలు కట్టించుకుంది. వంటాయన ఉంగరం ఏ సబ్బుకూ ఊడిరాదు.

నాకు రెండు గౌన్లు కావాలి. హుక్కు, జిప్పు, గుండీ ఏదీ ఉండకూడదు. అన్నీ గుడ్డ ముళ్ళే. కొలతలు నీ దగ్గరున్నవే.

మీ అల్లుడు బాగున్నాడు. రైలు నడుపుకుంటూ ఊళ్ళు తిరుగుతున్నాడు. సెలవు దొరికినప్పుడల్లా వస్తున్నాడు. గేటు దగ్గర బెల్టు విప్పించారని పోయినసారి ప్యాంటు పట్టుకునే నడిచాడు.

నీ
పిచ్చుక

*

కుట్టుగది,
నాటకశాల వెనక

పిచ్చుకా,

మీ నాన్నకు అక్కనై పుట్టినందుకు నాకు దక్కింది నువ్వు. నువ్వేమో ఆవిరికి లెక్కలు నేర్పుతున్నావు. సరే, కానియ్. గౌన్లు పంపాను. భుజం దగ్గర ముడి, వీపు దగ్గర ముడి, పక్కన ముడి. రాజుల కాలంలో ఇలాగే కుట్టేవాళ్ళు, ఆ వేషాలు కుట్టీ కుట్టీ నాకు అలవాటే.

సూది గురించి దిగులు పెట్టుకోకు. మా గదిలో ఒక ఆచారం ఉంది. సూదులు గుచ్చే చిన్న దిండులోకి అన్నీ తిరిగి చేరితే గానీ ఏ బట్టా గడప దాటదు. ఒకసారి రాజు వేషం వేసే ఆయన సింహాసనం మీద దర్జాగా కూర్చుని కెవ్వుమని లేచాడు. జనం అది కూడా నటనే అనుకుని చప్పట్లు కొట్టారు. అప్పటినుంచి నేను దిండు చూడకుండా ఇంటికి పోను.

ఇక్కడ పిల్లల కోసం బొమ్మల నాటకం మొదలుపెట్టారు. ఆ బొమ్మలాయన బట్టలు కావాలని నా ప్రాణం తోడేశాడు. బీరువా అడుగున ఏవో చిన్న బట్టలుంటే తీసి తొడిగాను. అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. ఇంత ముచ్చటైనవి ఎక్కడివని అడిగాడు. పాత పేలికలు అన్నాను. ఇప్పుడు ఊరంతా ఆ బొమ్మల బట్టల గురించే చెప్పుకుంటున్నారు. నేను మాత్రం ఆ నాటకం చూడలేదు, తీరికెక్కడిది.

అల్లుడికి నాడా ఉన్న ప్యాంటు కుట్టిస్తాను, పరువు కాపాడుకోమను. నువ్వు వేళకు తిను.

మీ అత్త

*

కొలతల కేంద్రం,
అడవి అంచు

అత్తా,

గౌన్లు అందాయి. వైర్లావిడ చూసి, తీగల పళ్ళన్నీ బయటపెట్టి మెచ్చుకుంది. అయితే ఒక మాట, కోప్పడకు. నడుము దగ్గర బిగుతుగా ఉంది. కొలత ఎక్కడో తప్పినట్టుంది.

ఇక్కడ వానలు దంచుతున్నాయి. పని మాత్రం ముందుకు పోవట్లేదు. యంత్రంలో దోషం దూరింది. నేను చెక్క మంచం మీద పడుకుంటాను, నా గుండె గీత తెర మీద పెద్దగా, నింపాదిగా వస్తుంది. అది సరే. దాని కింద ఇంకో గీత. బాగా చిన్నది. గబగబా కొట్టుకుంటుంది, నా గుండె ఒకటి కొట్టేలోపు అది రెండు కొడుతుంది. నేను లేస్తే మాయం. పడుకుంటే మళ్ళీ హాజరు.

దొంగ ఎవరో మాకు వెంటనే తెలిసిపోయింది. మా దగ్గర ఒక డబ్బా ఉంది, దాన్ని బొమ్మ గుండె అంటాం. అందులో చిన్న తీగచుట్ట. కడుపులో బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటుందో అచ్చం అలాగే కొట్టుకుంటుంది. యంత్రానికి పరీక్ష పెట్టడానికి వాడతాం. చెత్త గీత చూడగానే పెద్దాయన, "అది బొమ్మ గుండే! ఎవరో ఆపడం మరిచిపోయారు" అన్నాడు. ఆపే ఉంది. వైర్లు పీకేశాం. అయినా కొట్టుకుంటోంది. పక్క గదిలో పెట్టాం. అయినా కొట్టుకుంటోంది. "దీనికి దయ్యం పట్టింది" అంది వైర్లావిడ. సైన్సు చదివిన మనిషి అనవలసిన మాటేనా?

ఫ్రిజ్ ఆపాం. నీళ్ళ మోటారు ఆపాం. వంటాయన గడియారం విప్పించాం, ఆయన అలిగి ఆ పూట పచ్చి కూరగాయలు పెట్టాడు. ఏం చేసినా అది నిమ్మకు నీరెత్తినట్టు కొట్టుకుంటూనే ఉంది.

నా ఒంట్లో కూడా ఏమంత బాగోలేదు. ఎప్పుడు చూసినా నిద్ర. మోటారు గదిలో గ్రీజు వాసనకే కడుపులో తిప్పుతోంది. ఆ నెలసరి గొడవ కూడా మొత్తానికి సెలవు పుచ్చుకుంది. నీకు కూడా ఈ వయసులోనే ఆగిందని అన్నావు కదా?

పిచ్చుక

*

కుట్టుగది,
నాటకశాల వెనక

ఒసేయ్ పిచ్చుకా,

నా కొలత తప్పిందా? నా చేతిలో టేపు తప్పు చెప్పడమా? నీ భుజం సరిపోయింది, చెయ్యి సరిపోయింది, పొడవు సరిపోయింది. నడుమొక్కటే నా చేతిలో తప్పిందా? అద్దంలో ఒకసారి పక్కకు తిరిగి చూసుకో. ఆ వంటాయన ఏం పెడుతున్నాడో, నువ్వెంత లాగిస్తున్నావో నాకెలా తెలుస్తుంది? పడుకుని ఉద్యోగం చేసేదానివి లావెక్కక ఏం చేస్తావు?

సరే, గౌన్లు వెనక్కి పంపు. పక్కల్లో గుడ్డ వేసి వదులు చేస్తాను. ఈసారి నీ కడుపులో చల్ల కదలకుండా పడుకోవచ్చు.

ఆ నెలల సంగతి నిజమే, నాకూ ఈ వయసులోనే. మన వంశం ఆడవాళ్ళ తీరే అంత. నిద్ర, వేడి, చిరాకు, కారణం లేకుండా ఏడుపు, అన్నీ వస్తాయి. నేను ఆ ఏడాది నాటకశాల మేనేజరు మీద కత్తెర విసిరాను. తగల్లేదు. చన్నీళ్ళు తాగు, నడు, ఎవరి మీదా ఏమీ విసరకు. దిగులుపడాల్సిందేమీ లేదు, ఇదొక మెట్టు, దాటాలి.

మీ బొమ్మ గుండె కథ చదివి ఇక్కడ అందరం నవ్వుకున్నాం. ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఒక డబ్బాను ఆపలేరా? బొమ్మలాయన అడగమన్నాడు, ఆ డబ్బాను అద్దెకిస్తారా అని. తన బొమ్మల్లో ఒకదానికి పెట్టుకుంటాడట.

మీ అత్త

*

కొలతల కేంద్రం,
అడవి అంచు

అత్తా,

బొమ్మ గుండెను పొలంలో పాతిపెట్టాం. హాస్యం కాదు. పెద్దాయన తన స్టీలు మోకాలితోనే గడ్డపార పట్టాడు. పూడ్చిన చోట వైర్లావిడ ఒక నిమిషం తల వంచుకు నిలబడింది. తిరిగొచ్చి నేను పడుకున్నాను. తెర మీద టకటకటక. పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు.

చలి మొదలైంది. కమిటీ ఎంతో దూరం లేదు. అందుకే ఈ ఉత్తరం నవ్వుతూ రాయలేకపోతున్నాను. యంత్రం బాగుంది. ఖాళీ మంచం మీద ఏ చప్పుడూ లేదు. మంచం మీద గౌను వేసుకున్న నేను ఉన్నప్పుడే దోషం. అంటే గౌను. పెద్దాయన అన్నది ఇది: ఏదో కుట్టులో సూది ముక్క విరిగి ఉండిపోయింది, నేను ఊపిరి పీల్చినప్పుడు అది వణుకుతోంది, ఆ వణుకే మాకు చిన్న గీతలా కనిపిస్తోంది. నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. కానీ అంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

ఇంకో దారి కూడా చెప్పాడు. లెక్కలో ఒక జల్లెడ పెట్టి ఆ టకటకను తీసి పారేద్దామని. తయారు కూడా చేశాడు. నేను ఒప్పుకోలేదు. ఆ జల్లెడ పెడితే కమిటీ ముందు గీత అద్దంలా ఉంటుంది, నిజమే. కానీ రేపు ఒక తల్లి వచ్చి పడుకుంటే, ఆవిడ బిడ్డ గుండెను కూడా అది చెత్తలాగే తీసి పారేస్తుంది. ఆ చిన్నదాని కోసమే కదా ఇదంతా కట్టింది. "అయితే దొంగను పట్టుకో" అన్నాడు.

అందుకని, వదులు చెయ్యడానికి పంపమన్నప్పుడు పంపకపోయినా, ఇప్పుడు గౌను ఒకటి వెనక్కి పంపుతున్నాను. కుట్లు విప్పి చూడు. నీ చూపు ఈమధ్య మందగించి ఉంటే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నిజం చెబితే చాలు, ఎవరూ ఏమీ అనరు.

పిచ్చుక

*

కుట్టుగది,
నాటకశాల వెనక

గౌరవనీయులైన శాస్త్రవేత్తగారికి,

తమరు పంపిన గౌను అందింది. ప్రతి కుట్టూ విప్పాను. మడతలు విప్పాను. ముళ్ళు విప్పాను. గుడ్డను దీపం ముందు పరిచి, నాటకశాలలో ఉన్న పెద్ద అయస్కాంతం తెచ్చి అంగుళం అంగుళం తిప్పాను. బొమ్మలాయన కూడా సాక్షి. ఏమీ లేదు. సూది లేదు, సూది మొన లేదు, సూది ఊహ కూడా లేదు.

నా చూపు మందగించిందా? ఈ రోజుకీ దారం సూదిలోకి ఒక్క విసురుకు ఎక్కిస్తాను. నువ్వు పుట్టినప్పుడు నిన్ను మొదట చుట్టిన గుడ్డ అంచు నేను కుట్టిందే, అది నిన్ను గుచ్చిందా? మీ పెద్దాయన మోకాల్లో కడ్డీ పెట్టుకుని నా సూదిని అంటాడా?

గౌనును మళ్ళీ కుట్టాను. అదే గుడ్డ, అదే దారం. దీన్ని వేసుకుని నేనే వచ్చి మీ మంచం మీద పడుకుంటాను. నా ఒంట్లో ఇనుము లేదు. కట్టుడు పళ్ళకు ఏదో కొక్కెం ఉంది, అవి తీసి జేబులో, కాదు, మీ గేటు డబ్బాలో పెడతాను. నా గౌను దోషి అని తేలితే ఈ జన్మకు సూది ముట్టను. తేలకపోతే మీ పెద్దాయన నాకు క్షమాపణ చెప్పాలి, అందరి ముందూ, నిలబడి.

ఉత్తరం అందేలోపే నేను వస్తాను కాబట్టి జవాబు అక్కర్లేదు.

ఇట్లు,
దర్జీ

*

కుట్టుగది,
నాటకశాల వెనక

పిచ్చుకా,

క్షేమంగా చేరాను. బస్సులో ఒకాయన మాట కలిపితే ఊరు వచ్చేదాకా నా విజయగాథ చెప్పాను. పాపం దిగాల్సిన చోట దిగలేకపోయాడు.

మీ మంచం బాగుంది. గది మాత్రం భోషాణంలా ఉంది. పళ్ళు లేకుండా పడుకుని ఆ గాజు డబ్బాల వంక చూస్తుంటే నాకే నవ్వొచ్చింది, కదలొద్దని నువ్వు కసిరావు. తర్వాత తెర చూశాం. ఒక్క గీత! నా గుండె, పెద్దగా, నిక్కచ్చిగా, మెట్ల మీద నడిచినట్టు. దాని కింద ఎంత వెతికినా ఏమీ లేదు. మీ పెద్దాయన మొహం చూడాలి. నిలబడి మరీ క్షమాపణ చెప్పాడు. వైర్లావిడ చప్పట్లు కొట్టింది. నోట్లో పళ్ళు లేవు గానీ ఉంటే నేను ఇంకా గట్టిగా మాట్లాడేదాన్ని.

కానీ నువ్వేమిటలా అయిపోయావు? నన్ను లేవమని, నా ఒంటి మీది ఆ గౌనే విప్పించి వేసుకుని నువ్వు పడుకున్నావు. ఆ టకటక మళ్ళీ వచ్చింది. పెద్దాయన, "అయితే గౌను కాదు" అని పైకప్పు వంక చూశాడు. నువ్వు అందర్నీ బయటికి పొమ్మన్నావు. నన్ను కూడా! బల్ల మీద కూర్చుని కూర్చుని నా నడుము పట్టేసింది. తర్వాత బయటికి వచ్చి నన్ను ఊపిరాడకుండా పట్టుకున్నావు. భోజనానికి కూడా రాలేదు. "బస్సుకు వేళయింది అత్తా" అని సాగనంపావు.

నేను గెలిచానని అలిగావా? చూపు మాట అన్నందుకు బాధపడుతున్నావా? అది నేను అక్కడే మరిచిపోయాను. బస్సులో ఆయనకు కూడా ఆ ముక్క చెప్పలేదు. లేకపోతే ఒంట్లో ఏదైనా తేడా ఉందా? ఆ యంత్రం నీ గుండెలో ఏమైనా చూపించిందా? నాకు దాచకు. ఓడిపోయినవాళ్ళు అంత గట్టిగా పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అప్పటినుంచీ మనసు మనసులో లేదు.

వెంటనే రాయి.

మీ అత్త

*

కొలతల కేంద్రం,
అడవి అంచు

అత్తా,

కూర్చున్నావా? కత్తెర చేతిలో ఉంటే పక్కన పెట్టు.

నువ్వు మంచం దిగినప్పుడు నేను తెర ముందు నిలబడి లెక్క వేసుకున్నాను. యంత్రంలో దోషం లేదు. గౌనులో దోషం లేదు. బొమ్మ గుండె పొలంలో మట్టి కింద ఉంది. ఇక మిగిలింది నేనొక్కదాన్ని. నా ఒంట్లో, నా గుండె కాకుండా ఇంకేదో కొట్టుకుంటోంది.

అత్తా, ఈ కేంద్రం కట్టిందే పెద్ద గుండె కింద దాక్కున్న చిన్న గుండెను పట్టుకోవడానికి. పట్టుకున్నాం. వానాకాలంలోనే పట్టుకున్నాం. పట్టుకుని, ఇదేం దరిద్రం అని ఫ్రిజ్ ఆపాం, మోటారు ఆపాం, వంటాయనను ఏడిపించాం, నిన్ను దోషిని చేశాం. మొహం మీదే నిలబడి పలకరిస్తుంటే, "ఎవరో బొమ్మ గుండె ఆపడం మరిచిపోయారు" అనుకున్నాం. నా మీద పరీక్ష మొదలయ్యే ముందు నేను గర్భవతిని కానని కాగితం మీద సంతకం పెట్టాను. కుదరదని అంతమంది డాక్టర్లు చెప్పాక ఎవరికైనా అనుమానం ఎందుకు వస్తుంది? నువ్వే చెప్పావుగా, మన వంశం ఆడవాళ్ళ తీరే అంతని.

నీకు అక్కడే చెప్పకపోవడానికి కారణం భయం. పైకి అంటే పోతుందేమో అని. ఇంత చదివి ఇలా అనుకున్నానని పెద్దాయనకు చెప్పకు. పట్నం వెళ్ళి డాక్టరుకు చూపించుకున్నాకే నీకు రాయాలనుకున్నాను. బిడ్డ సగం దారి దాటిందంది. ఈ వయసుకు జాగ్రత్తగా ఉండాలంది. "గుండె లయ ఎలా ఉందో ఒకసారి చూడాలి" అంటే నాకు నవ్వాగలేదు. ప్రపంచంలో ఇంకే బిడ్డ గుండెకూ ఇన్ని రోజుల గీతలు ఉండవు. అన్నీ మా దగ్గర 'చెత్త' అని పేరు పెట్టిన సంచిలో భద్రంగా ఉన్నాయి. ఇప్పుడు రోజూ ఒకసారి ఆ సంచి తెరిచి చూసుకుంటున్నాను. లయ ఎక్కడా తప్పలేదు అత్తా. పచ్చి కూరగాయలు పెట్టిన పూట కూడా.

మీ అల్లుడు వచ్చాడు. వైర్లావిడ ఆ గీతను చప్పుడుగా మార్చి స్పీకరులో వినిపించింది. నువ్వు పంపిన నాడా ప్యాంటులో నిలబడి, ఇంజను చప్పుడు విన్నట్టు తల ఒక పక్కకు వంచి విన్నాడు. చాలాసేపు విన్నాడు. "బండి బాగా ఆలస్యమైంది గానీ, ఇంజను దివ్యంగా ఉంది" అన్నాడు. తర్వాత బయటికి పోయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఈలోగా కమిటీ ఊడిపడింది. నేను పడుకున్నాను. రెండు గీతలూ వచ్చాయి. మామూలు మనిషిని చూపిస్తామని చెప్పి ఇదేమిటని అడిగారు. జరిగింది చెప్పాం. వాళ్ళలో ఒకాయన, మెరిసే బూట్లు వేసుకున్నాయన, నమ్మలేదు. "మీ దగ్గర బొమ్మ గుండె ఉండాలే, అది ఆన్‌లో ఉందేమో చూపించండి" అన్నాడు. పెద్దాయన తడుముకోకుండా "పాతిపెట్టాం" అన్నాడు. ఆయన వదల్లేదు. అందరూ పొలంలోకి పోయి తవ్వి చూశారు. డబ్బా నిండా నీళ్ళు, తుప్పు. బూట్ల నిండా బురదతో తిరిగొచ్చి, తల ఊపి, సంతకం పెట్టాడు. కేంద్రం ఉంటుంది. వేసవి నుంచి తల్లులు వస్తారు. ఆ జల్లెడను పెద్దాయన నా ఎదురుగానే చెరిపేశాడు.

నాకు సంతోషంగా ఉంది. దానికంటే ఎక్కువగా భయంగా ఉంది. రోజుకు పదిసార్లు నీ దగ్గరికి వచ్చేద్దామనిపిస్తోంది. డాక్టరు ప్రయాణం వద్దంది, లేకపోతే ఈ ఉత్తరం బదులు నేనే వచ్చేదాన్ని. నువ్వు రాగలవా? ఈసారి పళ్ళు తియ్యక్కర్లేదు.

కొత్త గౌను కూడా కావాలి. కొలతలు పంపను, నడుము దగ్గర నీ ఇష్టం. వీలుంటే చిన్న బట్టలేమైనా కుట్టిపెట్టు. తొందరేం లేదు.

నీ
పిచ్చుక

*

కుట్టుగది,
నాటకశాల వెనక

నా పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి కత్తెర కింద పడేశాను. కాలి మీద పడలేదు. తర్వాత ఏం చేశానో విను, ఎవరో చెప్పగా వింటే బాగోదు.

తిన్నగా బొమ్మలాయన గదిలోకి వెళ్ళాను. బొమ్మలన్నీ ఆటకు సిద్ధంగా తీగలకు వేలాడుతున్నాయి. ఒక్కొక్కదాన్నీ దించి బట్టలు విప్పేశాను. రాజును విప్పాను, మంత్రిని విప్పాను, ముసలమ్మ బొమ్మను విప్పాను. బొమ్మలాయన వచ్చి చూసేసరికి ఆయన పరివారమంతా వరసగా, నూలుపోగు లేకుండా, చేతులు చాచి నిలబడి ఉంది. అవతల పిల్లలు వచ్చి కూర్చున్నారు. "ఏమిటమ్మా ఈ దారుణం?" అని నెత్తి కొట్టుకున్నాడు. "నా పేలికలు నాకు కావాలి" అన్నాను. అన్నీ కొంగులో మూట కట్టుకున్నాను.

అవి పేలికలు కాదు. నీ పెళ్ళయిన ఏడాది కుట్టాను. తెల్లవి, పసుపువి, చిన్న చిన్న టోపీలు. నువ్వు ఏదైనా మంచి మాట చెబుతావని ఎదురుచూస్తూ, పని లేనప్పుడల్లా ఒకటి కుట్టి పెట్టేదాన్ని. డాక్టర్లు ఆ మాట చెప్పాక, నీ కంట పడకూడదని బీరువా అడుగుకు తోశాను. ఈ ఏడు బొమ్మలాయన అడిగినప్పుడు, ఇక ఎవరి కోసం దాచాలి, కనీసం బొమ్మలైనా తొడుక్కుంటాయి అనుకున్నాను. తొడిగిన పూట నాకు అన్నం సహించలేదు. అందుకే ఆ నాటకం చూడలేదు. తీరిక లేక కాదు.

బొమ్మలాయనకు మరీ అన్యాయం చెయ్యలేదు. మీరు దోషి అన్న గౌను ఉంది కదా, గెలిచిన గుర్తుగా వెంట తెచ్చుకున్నాను, దాన్నే అక్కడికక్కడ కత్తిరించి బొమ్మలన్నిటికీ చుట్టాను. ఆ రోజు రాజు, మంత్రి, ముసలమ్మ అందరూ ఆసుపత్రి రోగుల్లా ఉన్నారు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఇకనుంచి ఇవే ఉంచేద్దామని బొమ్మలాయన అంటున్నాడు.

విప్పిన బట్టలన్నీ ఉతికి, మేడ మీద తాడుకు ఆరేశాను. చలికాలం ఎండ కదా, నెమ్మదిగా ఆరుతున్నాయి. అవి ఆరేదాకా ఆగి, మూట కట్టుకుని బయలుదేరతాను. మీ అయస్కాంతం గది దగ్గరికి తెస్తున్నాను కాబట్టి ముందే చెబుతున్నాను, ఒక్క హుక్కు లేదు, ఒక్క గుండీ లేదు. అన్నీ ముళ్ళే. అప్పట్లో నీ బిడ్డకు ఏదీ గుచ్చుకోకూడదని అలా కుట్టాను.

మీ అత్త